కియా బండి కొనొచ్చా? సైకిల్ గొట్టాల నుంచి పెనుకొండ దాకా వచ్చిన కంపెనీ కథ, ఓనర్ల మాట

ఈరోజు ఎపిసోడ్ కియా గురించి. చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బడ్జెట్ పదిహేను లక్షలు, కియా తీసుకోవచ్చా?" ఈ ప్రశ్న ఏ ఫ్రెండ్స్ గ్రూప్ లో వేసినా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకడు "కళ్ళు మూసుకుని తీసేసుకో మావా, ఆ రేటుకి ఆ ఫీచర్లు ఇంకెవడూ ఇవ్వడు" అంటాడు. ఇంకొకడు "వద్దురా బాబు, గేర్ బాక్స్ వేడెక్కిపోద్ది, సేఫ్టీ కూడా అంతంత మాత్రమే" అంటాడు. తమాషా ఏంటంటే, ఇద్దరి దగ్గరా ఉన్నది కియా బండే.

మరి ఎవరి మాట నమ్మాలి? నేనైతే ఇద్దరూ నిజమే చెప్తున్నారు అంటాను. అది ఎలాగో అర్థం కావాలంటే ముందు ఈ కంపెనీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఎందుకంటే పదిహేను లక్షలంటే చిన్న మాట కాదు. మనలో చాలామందికి అది ఐదేళ్ళో ఏడేళ్ళో ఈఎంఐ. అమ్మానాన్నని, పిల్లల్ని కూర్చోబెట్టి ఊరికి తీసుకెళ్ళే బండి. స్క్రీన్ ఎంత పెద్దదో చూసి తీసుకునే నిర్ణయం కాదది.

సరే, కథలోకి వెళ్దాం.

1944. కొరియా అప్పటికి జపాన్ చేతిలో ఉంది. కిమ్ చోల్ హో అనే ఆయన సియోల్ లో క్యోంగ్‌సంగ్ ప్రెసిషన్ ఇండస్ట్రీ అని ఒక చిన్న కంపెనీ పెట్టాడు. అక్కడ చేసేదేంటి? కార్లు కాదు. సైకిళ్ళకి కావాల్సిన స్టీల్ గొట్టాలు, విడిభాగాలు. తర్వాత దేశం రెండు ముక్కలైంది, 1950లో యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం టైమ్ లోనే, 1952లో, దక్షిణాన బుసాన్ ఊళ్ళో ఈ కంపెనీ కొరియా దేశపు మొదటి సైకిల్ తయారు చేసింది. దాని పేరు సామ్‌చోల్లి. అదే ఏడాది కంపెనీ పేరు కియా అని మార్చుకుంది. కియా అంటే ఆసియా నుంచి పైకి లేచేది అని అర్థం. సైకిల్ చేస్తూ అంత పేరు పెట్టుకున్నారంటే ఆశ చూడండి.

సైకిల్ తర్వాత మోటార్ సైకిళ్ళు. 1962లో జపాన్ మాజ్దా కంపెనీ నుంచి లైసెన్స్ తీసుకుని కే-360 అనే మూడు చక్రాల బుల్లి ట్రక్ చేశారు. మన ఊళ్ళలో సామాన్లు తోలే ట్రాలీ ఆటో ఉంటుంది కదా, ఇంచుమించు అలాంటిది. 1973లో సోహారి దగ్గర పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. 1974లో బ్రీసా అనే కారు వచ్చింది. కొరియన్ సినిమాలు చూసేవాళ్ళకి ఈ బండి తెలిసే ఉంటుంది. 2017లో వచ్చిన "ఎ టాక్సీ డ్రైవర్" సినిమాలో హీరో నడిపే ఆకుపచ్చ టాక్సీ ఈ బ్రీసానే.

అంతా బాగానే ఉంది అనుకుంటే, 1981లో మొదటి దెబ్బ పడింది. అప్పుడు కొరియాలో చున్ డూ హ్వాన్ సైనిక ప్రభుత్వం. చిన్న దేశంలో ఇన్ని కంపెనీలు ఎందుకు, ఒక్కొక్కరు ఒక్కో పని చేసుకోండి అని ప్రభుత్వమే పంపకాలు చేసింది. కియాకి ఏం చెప్పారంటే, నువ్వు ఇక కార్లు చేయకూడదు, చిన్న ట్రక్కులు, వ్యాన్లు మాత్రమే చేసుకో అని. ఒక కార్ల కంపెనీని పట్టుకుని కార్లు చేయొద్దు అనడం! ఆ టైమ్ లో కియాని నిలబెట్టింది బోంగో అనే వ్యాన్. దుకాణం వాళ్ళు, చిన్న వ్యాపారులు దాన్ని ఎంత కొన్నారంటే, కొరియాలో ఆ సైజు వ్యాన్లన్నిటినీ బోంగో అనే పిలవడం మొదలైంది. మన దగ్గర ఏ వాషింగ్ పౌడర్ అయినా సర్ఫ్ అన్నట్టు.

1987 దగ్గర ఆంక్షలు పోయాక మళ్ళీ కార్లలోకి వచ్చారు. ఆ కారు పేరు ప్రైడ్. డిజైన్ మాజ్దాది, తయారీ కియాది, అమెరికాలో ఫెస్టివా అనే పేరుతో అమ్మింది ఫోర్డ్. అంటే మన భాషలో చెప్పాలంటే, కోడ్ ఒకరిది, టెస్టింగ్ ఒకరిది, క్లయింట్ దగ్గర పేరు ఇంకొకరిది. కియా అప్పటికి ఒక సర్వీస్ కంపెనీ లాంటిదన్నమాట. 1994 నుంచి సొంత పేరుతో అమెరికాలో అమ్మకాలు మొదలుపెట్టారు. చవక బండి అనే ముద్ర పడింది. క్వాలిటీ సర్వేల్లో అడుగున ఉండేవాళ్ళు.

రెండో దెబ్బ 1997. ఆసియాలో చాలా దేశాల్ని కుదిపేసిన ఆర్థిక సంక్షోభం ఆ ఏడాదే వచ్చింది. కియా మీద అప్పటికే కొండంత అప్పులు. దివాలా తీసింది. కంపెనీని వేలం వేస్తే ఫోర్డ్ కూడా పోటీకి వచ్చింది, కానీ 1998లో హ్యుందాయ్ 51 శాతం వాటా కొనేసింది. ఇప్పుడు హ్యుందాయ్ వాటా ఇంచుమించు మూడో వంతు. అందుకే క్రెటా, సెల్టోస్ ఇంజన్లు ఒకటే ఎందుకున్నాయి అని అడిగితే జవాబు ఇక్కడ ఉంది. రెండు షోరూమ్‌లు, రెండు లోగోలు, లోపల సరుకు చాలావరకు ఒకటే.

ఇప్పుడు అసలు పాయింట్ కి వస్తున్నా. దివాలా తీసిన కంపెనీ, చవక బండి అనే ముద్ర. జనం నమ్మకం మళ్ళీ ఎలా సంపాదించాలి?

వాళ్ళు రెండు పనులు చేశారు. మొదటిది, వారంటీ. అమెరికాలో ఇంజన్, గేర్ బాక్స్ కి 10 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు వారంటీ ఇచ్చారు. యూరప్ లో 7 ఏళ్ళు. నీ బండి పాడైపోద్దేమో అని భయపడుతున్నావా, అయితే ఆ భయం నాకు వదిలెయ్ అని చెప్పడం అది. రెండోది, డిజైన్. 2006లో పీటర్ ష్రయర్ అనే జర్మన్ డిజైనర్ ని తీసుకొచ్చారు. ఈయన అంతకుముందు ఆడీ టీటీ డిజైన్ చేసినవాడు. ఆయన వచ్చాక బండి ముందు భాగానికి ఒక ముఖం ఇచ్చారు. పులి ముక్కు ఆకారంలో గ్రిల్. దూరం నుంచి చూసి కూడా ఇది కియా అని గుర్తుపట్టాలని ఆయన ఆలోచన.

అది పని చేసింది. 2016లో అమెరికాలో జే.డి. పవర్ వాళ్ళ ఇనిషియల్ క్వాలిటీ సర్వేలో కియా మొదటి స్థానంలో నిలిచింది. పోర్షే లాంటి ఖరీదైన కంపెనీల్ని దాటి. అడుగున ఉన్న కంపెనీ పైకి వచ్చింది. సూపర్ కదా!

కానీ ఒక్క నిమిషం. ఆ సర్వే పేరు మళ్ళీ చదవండి. ఇనిషియల్ క్వాలిటీ. అంటే బండి కొన్న మొదటి 90 రోజుల్లో ఓనర్లకి ఎన్ని సమస్యలు వచ్చాయి అని అడిగే సర్వే అది. 90 రోజులు! మూడు నెలలు. బండి మన దగ్గర ఉండేది ఎనిమిదేళ్ళు, పదేళ్ళు. ఈ 90 రోజులు అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

నేను కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ లో పని చేశాను కాబట్టి నాకు ఇది ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్ లాగా కనిపిస్తుంది. యాప్ ఓపెన్ చేయగానే కనిపించేది ఫ్రంట్ ఎండ్. కలర్లు, బటన్లు, యానిమేషన్. మొదటి రోజు యూజర్ రేటింగ్ ఇచ్చేది దానికే. సర్వర్ డౌన్ అయినప్పుడు, పేమెంట్ ఇరుక్కుపోయినప్పుడు గానీ బ్యాక్ ఎండ్ ఎవరికీ గుర్తు రాదు. కారులో ఫ్రంట్ ఎండ్ అంటే స్క్రీన్, సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు, లైట్లు. బ్యాక్ ఎండ్ అంటే ఇంజన్ లోపల బేరింగ్, తలుపు వెనక స్టీల్, స్టీరింగ్ కింద తాళం. కియా ఫ్రంట్ ఎండ్ అదరగొట్టింది. మరి బ్యాక్ ఎండ్?

రెండు ఉదాహరణలు చెప్తా, రెండూ అమెరికావి.

మొదటిది థీటా-2 ఇంజన్ గొడవ. హ్యుందాయ్, కియా రెండూ వాడిన పెట్రోల్ ఇంజన్ ఇది. ఇంజన్ లో క్రాంక్ షాఫ్ట్ అని ఒక ఇరుసు ఉంటుంది. పిస్టన్ కి, దానికి మధ్యలో కనెక్టింగ్ రాడ్, ఆ కలిసే చోట బేరింగ్. బేరింగ్ ఎప్పుడూ ఆయిల్ లో తేలుతూ ఉండాలి. ఆ ఆయిల్ క్రాంక్ షాఫ్ట్ లో డ్రిల్ చేసిన సన్న దారుల్లోంచి వస్తుంది. తయారీలో డ్రిల్లింగ్ అయ్యాక మిగిలిన లోహపు రజను సరిగ్గా శుభ్రం చేయకపోతే అది ఆ దారికి అడ్డం పడుతుంది. ఆయిల్ అందక బేరింగ్ అరిగిపోతుంది. ముందు టక టక అని శబ్దం. తర్వాత హైవే మీద వెళ్తుండగా ఇంజన్ పట్టేస్తుంది. కొన్ని బళ్ళలో మంటలు కూడా వచ్చాయి.

2015లో హ్యుందాయ్ బళ్ళతో రీకాల్ మొదలైంది. 2017లో కియా బళ్ళు కూడా వెనక్కి పిలిచారు. కానీ ఈ మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. కిమ్ గ్వాంగ్ హో అని హ్యుందాయ్ లో ఎన్నో ఏళ్ళుగా పని చేస్తున్న ఇంజనీర్. లోపం ఎంత పెద్దదో కంపెనీకి తెలిసి కూడా తగినంత చెప్పట్లేదు అని 2016లో డాక్యుమెంట్లు పట్టుకుని వాషింగ్టన్ వెళ్ళి అమెరికా రోడ్డు భద్రత సంస్థకి ఇచ్చాడు. ఆయన ఉద్యోగం పోయింది. నాలుగేళ్ళ తర్వాత, 2020 నవంబర్ లో, రీకాల్ ఆలస్యం చేశారన్న కేసులో రెండు కంపెనీలూ సెటిల్‌మెంట్ కి ఒప్పుకున్నాయి. జరిమానా, భద్రత మీద పెట్టాల్సిన ఖర్చు అన్నీ కలిపి హ్యుందాయ్ కి 14 కోట్ల డాలర్లు, కియాకి 7 కోట్ల డాలర్లు. 2021లో ఆ ఇంజనీర్ కి అమెరికా ప్రభుత్వం 2 కోట్ల 40 లక్షల డాలర్లకి పైగా బహుమతి ఇచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఇంజన్ రజను సమస్య 90 రోజుల సర్వేలో కనిపిస్తుందా? చాలా బళ్ళలో అది వేల మైళ్ళు తిరిగాక బయటపడే జబ్బు. మొదటి మూడు నెలల్లో ఐదు స్టార్లు ఇచ్చిన ఓనరే తర్వాత టో ట్రక్ కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండొచ్చు. రెండు రివ్యూలూ నిజమే.

రెండో ఉదాహరణ ఇంకా సింపుల్. ఇమ్మొబిలైజర్. అంటే తాళంచెవిలో ఒక చిన్న చిప్ ఉంటుంది. బండి ఆ చిప్ ని గుర్తుపడితేనే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. లేకపోతే తాళం తిప్పినా స్టార్ట్ అవ్వదు. అమెరికాలో ఇది పెట్టాలని చట్టం లేదు. కానీ 2015 మోడళ్ళు చూస్తే మిగతా కంపెనీల బళ్ళలో 96 శాతానికి ఇది స్టాండర్డ్ గా వచ్చింది. హ్యుందాయ్, కియాల్లో 26 శాతానికే. ఖర్చు మిగిలింది. ఎవరికీ కనిపించలేదు. షోరూమ్ కి వెళ్ళి "ఇమ్మొబిలైజర్ ఉందా" అని అడిగేవాడు ఎవడు?

అడిగినవాళ్ళు ఉన్నారు. దొంగలు! 2021, 2022ల్లో స్టీరింగ్ కింద కవర్ పీకి యూఎస్‌బీ కేబుల్ చివరతో బండి స్టార్ట్ చేయడం ఎలాగో చూపిస్తూ కుర్రాళ్ళు టిక్‌టాక్ వీడియోలు పెట్టారు. కియా బాయ్స్ అని వాళ్ళకి పేరు. ఊళ్ళకి ఊళ్ళల్లో కియాలు, హ్యుందాయ్ లు మాయమయ్యాయి. ప్రమాదాల్లో ప్రాణాలు పోయాయి. 2023లో కొన్ని పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలు కొన్ని నగరాల్లో ఈ మోడళ్ళకి కొత్త పాలసీ ఇవ్వం అనేశాయి. ఓనర్ తప్పేంటి ఇందులో? ఏమీ లేదు. అదే ఏడాది ఓనర్ల కేసులో సుమారు 20 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కి ఒప్పుకుని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫ్రీగా ఇచ్చారు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. పక్కనే ఉన్న కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అక్కడ అమ్మిన కియాల్లో అది ఉంది. అదే కంపెనీ, అదే బండి, బార్డర్ దాటితే చిప్ ఉంది. అంటే చేయడం రాక కాదు. అడిగిన చోట ఇచ్చారు, అడగని చోట మిగుల్చుకున్నారు. నా ఉద్దేశంలో కియా గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. చాలా కంపెనీలు ఇంతే అనుకోండి. కానీ కియా దగ్గర ఇది బాగా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. పెనుకొండ.

విజయనగర రాజులకి ఒకప్పుడు రెండో రాజధాని. ఆ కాలపు కోట ఇంకా ఉంది. అనంతపురం జిల్లా అంటే కరువు, వేరుశెనగ, వలస. ఇవే గుర్తొస్తాయి. 2017 ఏప్రిల్ లో కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల బళ్ళు తీసే కెపాసిటీ. బెంగళూరు హైవే పక్కనే స్థలం. నీళ్ళు హంద్రీ-నీవా కాలువ మీద ఉన్న గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి. ఇప్పుడు ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ దారిలో వెళ్తే తెలుగు బోర్డుల మధ్య కొరియన్ అక్షరాల బోర్డులు కూడా కనిపిస్తాయి.

2019 ఆగస్టు 22న సెల్టోస్ లాంచ్. 9 లక్షల 69 వేల రూపాయల నుంచి ధర. అప్పటికి కియా పేరు మన దేశంలో చాలామందికి తెలియదు. అయినా బుకింగ్‌లు ఆగలేదు. తర్వాత కార్నివాల్, సోనెట్, కారెన్స్. 2023కల్లా పెనుకొండ ఫ్యాక్టరీ పది లక్షల బళ్ళు తీసింది. నాలుగేళ్ళలో! మన రాయలసీమ నేల మీద తయారైన బండి అని గర్వపడటంలో తప్పు లేదు. నాకూ ఆ ఫీలింగ్ ఉంది. కానీ గర్వం వేరు, కొనడం వేరు.

మరి మన ఓనర్లు ఏమంటున్నారు?

మెచ్చుకునేవి ముందు చెప్తా. లుక్, లోపల ఫినిషింగ్, స్క్రీన్ స్పీడ్, మ్యూజిక్, ఎండాకాలంలో చల్లగాలి సీట్లు. మన 44 డిగ్రీల ఎండలో ఆ సీట్ విలువ తెలిసినవాళ్ళకి తెలుసు. 1.5 డీజిల్ ఇంజన్ ని హైవే మీద తిరిగేవాళ్ళు ఎక్కువగా పొగుడుతారు. కారెన్స్ ని పెద్ద కుటుంబాలు ఇష్టపడతాయి, మూడో వరుసలో పెద్దవాళ్ళు కూడా కూర్చోగలరని.

ఇప్పుడు కంప్లైంట్లు. ఇక్కడ ఒక్కోదానికీ కారణం కూడా తెలుసుకోవాలి.

ఒకటి, టర్బో పెట్రోల్ తో వచ్చే డీసీటీ గేర్ బాక్స్ ట్రాఫిక్ లో వేడెక్కడం. డీసీటీ అంటే రెండు క్లచ్‌లు ఉన్న ఆటోమేటిక్. కియా ఇచ్చే 7 స్పీడ్ దాంట్లో క్లచ్‌లు డ్రై టైప్. అంటే వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. హైదరాబాద్ లో హైటెక్ సిటీ ట్రాఫిక్ లో అడుగు ముందుకి, అడుగు ఆగు అన్నట్టు వెళ్తుంటే క్లచ్ సగం పట్టి సగం వదులుతూ రాపిడికి వేడెక్కుతుంది. అదే బండి కర్నూలు హైవే మీద వెన్నలా పోతుంది. అంటే ఊళ్ళో తిరిగేవాడి రివ్యూ, హైవే వాడి రివ్యూ ఒకటి కావు. డీజిల్ ఆటోమేటిక్ లో, మామూలు పెట్రోల్ సీవీటీలో ఈ రకం డ్రై క్లచ్ ఉండదు.

రెండు, డీజిల్ బండిలో డీపీఎఫ్ లైట్. పొగలో మసిని పట్టుకునే ఫిల్టర్ అది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ కాసేపు మంచి వేడి మీద, ఒకే స్పీడ్ లో నడవాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీస్ కి నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగితే మసి కాలదు, లైట్ వెలుగుతుంది. ఇది కియాకే కాదు, ఏ బీఎస్-6 డీజిల్ కైనా ఉన్నదే. బండి లోపం కాదు, మన వాడకానికి బండి సరిపోకపోవడం.

మూడు, రీకాల్స్. 2022లో కారెన్స్ ఎయిర్ బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోసం 44,174 బళ్ళు, 2024 ఫిబ్రవరిలో సెల్టోస్ పెట్రోల్ సీవీటీలో ఆయిల్ పంప్ కంట్రోలర్ కోసం 4,358 బళ్ళు పిలిచారు. రీకాల్ అనగానే భయపడకండి. లోపం దొరికాక కంపెనీయే పిలిచి ఫ్రీగా సరిచేయడం మంచిదే. తెలిసీ పిలవకపోవడమే ప్రమాదం. థీటా-2 కథ నేర్పింది అదే. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మాత్రం ఆ బండికి రీకాల్ పని అయిందో లేదో ఛాసీ నంబర్ ఇచ్చి సర్వీస్ సెంటర్ లో కనుక్కోండి.

నాలుగోది అసలైనది. సేఫ్టీ. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు సెల్టోస్ ని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో క్రాష్ టెస్ట్ చేశారు. పెద్దల భద్రతకి 3 స్టార్లు, పిల్లలకి 2. 2022లో కారెన్స్ ని చేశారు. ఈ బండిలో 6 ఎయిర్ బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. యాడ్ లో గట్టిగా చెప్పుకున్నారు కూడా. వచ్చింది ఎంత? 3 స్టార్లే. ఎందుకు? బాడీ నిర్మాణం గుద్దుడుకి నిలకడగా లేదని రిపోర్ట్ లో రాశారు.

ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్ అన్నది ఇందుకే. ఎయిర్ బ్యాగ్ ఎన్ని అనేది బ్రోచర్ లో అంకె. లెక్కపెట్టొచ్చు, స్టేటస్ పెట్టుకోవచ్చు. చుట్టూ ఉన్న గూడు ఎంత గట్టిది అనేది కంటికి కనిపించదు. గూడు నలిగిపోతే లోపల బుడగలు ఆరున్నా వాటి పని అవి పూర్తిగా చేయలేవు. ఈ సంగతి పదేళ్ళు వాడిన ఓనర్ కి కూడా తెలియదు, యాక్సిడెంట్ అయితే తప్ప. అందుకే సేఫ్టీ విషయంలో "నా బండి గట్టిగా ఉంది బ్రో, డోర్ వేస్తే ధడేల్ మంటుంది" అనే ఓనర్ రివ్యూకి విలువ లేదు. టెస్ట్ రిపోర్ట్ కే విలువ.

అయితే కథ ఇక్కడ ఆగలేదు. మన దేశంలో క్రాష్ టెస్ట్ గురించి జనం మాట్లాడటం మొదలుపెట్టారు. టాటా, మహీంద్రా బళ్ళు 5 స్టార్లు తెచ్చుకుని అదే యాడ్ చేసుకున్నాయి. 2023లో మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ తెచ్చింది. 2025లో కియా సైరోస్ ఆ టెస్ట్ కి వెళ్ళి పెద్దలకి, పిల్లలకి రెండిటికీ 5 స్టార్లు తెచ్చుకుంది. ఇదీ కియానే! చేయగలరు. అడిగేసరికి చేశారు. కెనడాలో చిప్ ఉన్నట్టే.

కాబట్టి కియా మంచిదా, చెడ్డదా అని కాదు. మనం ఏం అడుగుతున్నాం అన్నది ప్రశ్న. షోరూమ్ లో మనం సన్‌రూఫ్ అడిగితే సన్‌రూఫ్ ఇస్తారు. సేల్స్ బాయ్ కి "ఈ మోడల్ క్రాష్ టెస్ట్ రిపోర్ట్ చూపించండి" అని రోజుకి పదిమంది చెప్తే, ఆ మాట పైదాకా వెళ్తుంది.

ఇక ఓనర్ల మాట ఎలా వినాలో చెప్పి ముగిస్తా. ఎవరు రివ్యూ చెప్పినా మూడు అడగండి.

మొదటిది, బండి కొని ఎన్నాళ్ళైంది? మూడు నెలలైతే వాళ్ళు చెప్పేది డిజైన్, ఫీచర్ల గురించి. అది ఆ మేరకు తీసుకోండి. మూడేళ్ళు దాటినవాళ్ళ మాట బంగారం. వారంటీ అయ్యాక సర్వీస్ బిల్ ఎంత వస్తోంది, స్పేర్ పార్ట్ కి ఎన్ని రోజులు ఆగాల్సి వచ్చింది అని వాళ్ళనే అడగాలి.

రెండోది, ఎక్కడ, ఎలా తిరుగుతారు? సిటీనా, హైవేనా, నెలకి ఎన్ని కిలోమీటర్లు? మీ వాడకంతో సరిపోయేవాళ్ళ మాటే మీకు పనికొస్తుంది. మీ బావగారు నెల్లూరు నుంచి చెన్నైకి వారం వారం తిరుగుతూ డీజిల్ సూపర్ అన్నారనుకోండి, కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ తిరిగే మీకు అది కరెక్ట్ సలహా కాదు.

మూడోది, ఏ ఇంజన్, ఏ గేర్ బాక్స్, ఏ ఏడాది మోడల్? "సెల్టోస్ బాగుంది" అనే మాటకి అర్థం లేదు. ఒకే పేరు మీద వేర్వేరు ఇంజన్లు, వేర్వేరు రకాల గేర్ బాక్స్‌లు అమ్మారు. టెస్ట్ డ్రైవ్ కూడా సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్ లో అడగండి, ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కాదు.

ఇవన్నీ అడిగాక కూడా కియా మీకు నచ్చితే హాయిగా తీసుకోండి. రెండుసార్లు కింద పడి లేచిన కంపెనీ, మన పెనుకొండ పిల్లలు బోల్టులు బిగించిన బండి. కానీ టాప్ ఎండ్ లో మూడు ఫీచర్ల కోసం ఇంకో రెండు లక్షలు పెంచే ముందు, అదే డబ్బుకి మంచి సేఫ్టీ రేటింగ్ ఉన్న బండి వస్తుందేమో ఒక్కసారి చూడండి. ఫీచర్ తర్వాతైనా పెట్టించుకోవచ్చు. స్టీల్ పెట్టించుకోలేం.

మీ దగ్గర కియా ఉంటే కింద కామెంట్ పెట్టండి. సూపర్, వేస్ట్ అని ఒక్క ముక్కలో కాకుండా, ఏ ఏడాది మోడల్, ఏ ఇంజన్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత ఖర్చైంది, ఈ నాలుగూ రాయండి. అది చదివి ఇంకొకరు తమ పదిహేను లక్షలు ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటారు. ఎపిసోడ్ నచ్చితే బండి కొనే ప్లాన్ లో ఉన్న ఫ్రెండ్ కి షేర్ చేయండి. సీట్ బెల్ట్ పెట్టుకోండి, వెనక సీట్లో వాళ్ళని కూడా పెట్టుకోమనండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.